మంచు మీద మేకుల గీతలు

ఎక్‌హోల్మ్ ఆ టైరును బొటనవేలితో ఓసారి నొక్కి చూసి, అంటిన మురికిని చేతిరుమాలుతో తుడుచుకున్నాడు.

“ఒక్క మేకు లేదు చూశారా?” అన్నాడు. “జనవరి నెల. సరస్సు ఒడ్డు మలుపు. రోడ్డంతా గాజుపలకలా ఉంది. దాని మీద ఈవిడ ఐసును పట్టే మేకుల్లేని టైర్లు వేసుకుని, పక్కన సొంత అన్నను కూర్చోబెట్టుకుని బయల్దేరింది. ఇక దర్యాప్తు చెయ్యడానికి ఏముందండీ?”

స్థానిక పోలీసు అధికారి సైమి ఔతకోస్కి కారు చుట్టూ ఓసారి తిరిగి చూసింది. ఉత్తర కొసనున్న ఇవాలో ఊరి పోలీసు షెడ్డులో ఆ కారు పక్కకి ఒరిగిన పశువులా పడి ఉంది. ముందు భాగం పైన్ చెట్టుకు గుద్దుకుని లోపలికి పోయింది. గట్టు మీంచి దొర్లడంతో పక్కలూ వెనకా సొట్టలే. నిన్న తెల్లవారకముందే జరిగిన ప్రమాదం. కారు నడిపిన ఇర్మెలి యోంపనెన్ బతికింది. పక్క సీట్లోని ఆమె అన్న ఓవ్లా అక్కడికక్కడే పోయాడు.

రొవానియెమి నుంచి ఎక్‌హోల్మ్‌ను పంపింది పైవాళ్లు. రోడ్డు ప్రమాదాల కేసులు తేల్చడంలో అతనికి పేరుంది. సైమికన్నా పన్నెండేళ్లు చిన్నవాడు, హోదాలో ఒక మెట్టు పైవాడు. సాయంత్రానికల్లా ఫైలు ప్రాసిక్యూటర్‌కి పంపేస్తానని కాఫీ తాగుతూనే చెప్పాడు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన నేరం. అది రుజువైతే ఇర్మెలికి జైలు సంగతి ఎలా ఉన్నా నర్సు ఉద్యోగం పోతుంది. చుట్టుపక్కల ఊళ్లలో మంచం పట్టిన ముసలివాళ్లందరికీ ఇంజెక్షన్ ఇచ్చేది, కట్టు మార్చేది ఆమె ఒక్కతే.

సైమి మోకాళ్ల మీద కూర్చుని చక్రం అంచు మీది అంకెలు చదివింది. తర్వాత టైరు గాడుల్లోకి వేలు దూర్చి లోతు చూసింది.

“ఇవి కారుతో వచ్చిన చక్రాలు కావు,” అంది.

“అయితే?”

“కారుతో వచ్చినవి ఇంతకంటే రెండంగుళాలు పెద్దవి. చూపుకి బావుంటాయి, చలికాలంలో పనికిరావు. ఈమె చిన్న చక్రాలు వేయించుకుంది. సన్నటి టైరు, ఎత్తైన పక్కగోడ. సన్నటిదైతే మంచును కోసుకుంటూ పోతుంది. గోడ ఎత్తుగా ఉంటే గుంతలో పడ్డా చక్రం వంకరపోదు. రబ్బరు కూడా ఎంత చలికైనా గట్టిపడని రకం. కొని మూడు నెలలు కాలేదు. ఇది బాగా ఆలోచించి ఎంచుకున్న టైరు, ఎక్‌హోల్మ్. ఇంత ఆలోచించిన మనిషి మలుపులో గుడ్డిగా తొక్కుతుందా?”

“టైర్లు చూసి జాతకం చెబుతారన్నమాట.”

“చెబుతాను. మీరు అద్దెకి తెచ్చిన కారు టైర్లు చూశాక, ఇక్కడ రెండు రోజులకి మించి ఉండే ఉద్దేశం మీకు లేదని అర్థమైపోయింది.”

అతను నవ్వాడు. ఆ నవ్వులో చిరాకు దాగలేదు. “సాయంత్రం దాకా టైమిస్తున్నాను. ఈలోగా మీరు ఏదైనా చూపిస్తే చూస్తాను. లేదంటే సంతకం పెట్టేస్తాను.”

“సంతకం పెట్టే పెన్ను జేబులోనే ఉంచుకోండి,” అని సైమి లేచింది.

*

ఆరోగ్య కేంద్రంలో కిటికీ పక్క మంచం మీద ఇర్మెలి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ చేతికి కట్టు, నుదుటి మీద కుట్లు. సైమి అమ్మ ఆఖరి రోజుల్లో రోజూ ఇంటికొచ్చి చూసుకున్నది ఈ పిల్లే.

“సైమక్కా, నేనే చంపానంటున్నారట కదా,” అంది.

“అంటున్నది ఒక్కడే. నన్ను అడగనీ. మేకుల టైర్లు ఎందుకు వద్దనుకున్నావు?”

“నేను అనుకోలేదు. వాడు ఎంచాడు.” ఇర్మెలి కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. “ఓవ్లా పనే అది కదా. పదిహేనేళ్లుగా టైర్ల కంపెనీ పరీక్షా మైదానంలో కొత్త టైర్లు నడిపి చూడ్డమే. ఈ శరదృతువులో నన్ను షాపుకి తీసుకెళ్లాడు. నేను మేకులవే ఇమ్మన్నాను. వాడు ఒప్పుకోలేదు. ‘నువ్వు తిరిగేది గడ్డకట్టిన మంచు రోడ్ల మీద, పైగా గడగడలాడే చలిలో. అక్కడ ఇవే బాగా పట్టుకుంటాయి. తడి ఐసు మీద మాత్రం మేకులవి మేలు, అలాంటి రోజున మెల్లగా పో’ అన్నాడు. నువ్వు తెల్లారి వెళ్తే మేకుల టకటక చప్పుడుకి ముసలాళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారని వెక్కిరించాడు కూడా.” ఆమె దుప్పటి అంచు మెలిపెట్టింది. “చెప్పక్కా. ఆ టైర్లే వాణ్ణి చంపాయా?”

“తెలియదు. సాయంత్రానికి తెలుస్తుంది. నిన్న ఎంత వేగంలో ఉన్నావు?”

“మెల్లగానే. మలుపు నాకు కొత్తదా? విమానానికి బోలెడు టైముంది.”

“ఓవ్లా హెల్సింకీ ఎందుకు బయల్దేరాడు?”

ఇర్మెలి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “వాళ్ల కంపెనీ కొత్త టైరు తెస్తోంది కదా, పేపర్ల నిండా దాని గొప్పలే. అది మోసమన్నాడు. పరీక్షలో పరిగెత్తించేది ఒకటి, షాపులో అమ్మబోయేది ఒకటి అట. పైకి రెండూ కవలల్లా ఉంటాయి, పరీక్షదానికి మాత్రం మేకులు రెట్టింపు. ఇంకాస్త పొడుగ్గా కూడా ఉంటాయట. ‘కుక్కపళ్లలా ఉంటాయే, ఐదు వరసలు’ అనేవాడు. దానిలోంచి ఓ ముక్క కోసి సంచిలో పెట్టుకున్నాడు. రవాణా శాఖవాళ్లకి చూపిస్తానన్నాడు. ఆ సంచి ఒళ్లోనే ఉంది.”

కారులో సంచి దొరకలేదు. సైమి ఆ మాట పైకి అనలేదు.

“మలుపు దగ్గర నీకు గుర్తున్న ఆఖరి సంగతేంటి?”

“వెనక లైట్లు. ఎత్తుగా, అద్దం నిండా. దారిద్దామని పక్కకి జరిగాను. బ్రేకు మీద కాలు కూడా వేశాను. తర్వాత ఏమీ లేదక్కా. చెట్టు తప్ప.”

*

సరస్సు మలుపులో రోడ్డుకి ఒక పక్క మూసేసి ఉంది. నిన్నటి నుంచీ బళ్లన్నీ లోపలి పక్క నుంచే పోతున్నాయి. ప్రమాదం జరిగిన కాసేపటికే మంచు కురవడం మొదలైంది. బయటి పక్కంతా ముట్టుకోని దూదిపరుపులా ఉంది. ఎక్‌హోల్మ్ వచ్చి చూసేటప్పటికి ఈ పరుపు తప్ప ఇంకేం కనిపించలేదు. తవ్వి చూడాలని అతనికి తోచలేదు.

సైమి కారు డిక్కీలోంచి పొడుగాటి చీపురు తీసింది. గట్టు అంచు నుంచి వెనక్కి, మెల్లగా, పొడి మంచును ఊడ్చుకుంటూ వచ్చింది. అడుగున ఐసు నల్లగా బయటపడింది.

మొదట కనిపించింది ఓ నున్నటి జాడ. అరచేతితో రుద్ది మెరుగుపెట్టినట్టు రెండు పట్టీలు రోడ్డు నుంచి గట్టు దాకా వంపు తిరిగి వెళ్లాయి. మేకుల్లేని టైర్లు బ్రేకు పట్టి జారితే పడే జాడ అది. ఇర్మెలి చెప్పింది నిజమే. ఆపాలని చూసింది.

సైమి ఇంకొంచెం ఊడ్చి ఆగిపోయింది. తర్వాత నేల మీద బోర్లా పడుకుని టార్చి వెలుగు ఏటవాలుగా వేసింది.

వెనకాల కారు ఆగిన చప్పుడయింది. ఎక్‌హోల్మ్ దిగి, పలచటి బూట్లతో జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చాడు.

“రోడ్లు ఊడ్చే పని కూడా మీదేనా?”

“ఇక్కడ మనుషులు తక్కువ. అన్నీ మేమే చేసుకుంటాం. ఇటొచ్చి పడుకోండి.”

“ఏమిటీ?”

“పడుకోండి. నిలబడితే కనపడదు.”

అతను కోటు చూసుకున్నాడు, ఆమె ముఖం చూశాడు, చివరికి మోకాళ్ల మీద వంగాడు. నున్నటి పట్టీల మీద, సరిగ్గా వాటి మీదే, ఐసును గోళ్లతో రక్కినట్టు గీతలున్నాయి. లోతుగా, దగ్గర దగ్గరగా.

“మేకుల గీతలు,” అన్నాడు. “అయితే? ఈ రోడ్డు మీద తిరిగే కార్లు సగానికి పైగా మేకులవే.”

“ఇర్మెలి కారుకి మేకుల్లేవు. పొద్దున్న మీరే నొక్కి చూపించారు.”

“వేరే కార్లు పోయి ఉంటాయి.”

“వేరే కార్లు రోడ్డు వెంట పోతాయి. ఇవి చూడండి, రోడ్డు వదిలేసి ఆమె జాడ వెంటే గట్టు దాకా వచ్చాయి. గట్టు అంచున ఆగాయి. అక్కడి నుంచి వెనక్కి తిరిగాయి. కింద పడబోయేంత అంచుకి పనిలేకుండా ఎవరొస్తారు? పైగా నున్నటి జాడ కింద ఉంది, గీత పైన ఉంది. అంటే ఆమె ముందు, ఇతను వెనక. మంచు కురవడానికి ముందే ఇద్దరూ ఇక్కడున్నారు.”

ఎక్‌హోల్మ్ ఇంకాస్త కిందికి వంగాడు. గ్లవ్ తీసి గీత మీద వేలు పెట్టాడు.

“గీతల వెంట ఐసు పొడి ఎటు చిమ్మింది?” అని అడిగింది సైమి.

“వెనక్కి.”

“బ్రేకు వేస్తే ముందుకి చిమ్ముతుంది. ఇతను బ్రేకు వెయ్యలేదు. తొక్కాడు. ముందున్న కారును బంపరుతో ఆనించి, చక్రాలు గిర్రున తిరుగుతుంటే నెట్టుకుంటూ పోయాడు. ఆమె ఆపాలని చూసిన కొద్దీ వాడు నెట్టాడు.”

ఎక్‌హోల్మ్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. అహంకారం ఎంతున్నా అతను చూసినదాన్ని చూడలేదనే రకం కాదని సైమికి అప్పుడే తెలిసింది.

“ఆమె మేకులవే వేసుకుని ఉంటే,” అన్నాడు నెమ్మదిగా, “ఈ గీతలు ఎవరివో మనకి తేలేది కాదు.”

“తేలేది కాదు. మీరు ఏ టైర్లని నేరం అన్నారో అవే ఆమె తరఫు సాక్షులు.” సైమి తన కారును పక్కనే ఒక బారెడు ముందుకి పోనిచ్చి దిగింది. “ఇప్పుడు ఇది చూడండి. ఇవి నా మేకుల గీతలు. షాపులో కొన్నవి, చట్టం ఒప్పుకున్నన్ని మేకులు. నా గ్లవ్ పొడుగునా లెక్కపెట్టండి. తర్వాత అక్కడ లెక్కపెట్టండి.”

అతను రెండు చోట్లా వంగి చూశాడు. “అక్కడ రెట్టింపున్నాయి.”

“ఐదు వరసలు. లోతు కూడా ఎక్కువ. అలాంటి టైరు ఏ షాపులోనూ దొరకదు. ఈ చుట్టుపక్కల అది ఉండగలిగింది ఒక్కచోటే.”

“మీ కారులో వస్తాను,” అన్నాడు ఎక్‌హోల్మ్. “నా టైర్ల గురించి మీరు మళ్లీ ఏమీ అనకపోతే.”

“దారిలో అనను.”

*

పరీక్షా మైదానం అధికారి తపాని రువోకోలా వాళ్లను నవ్వుతూనే లోపలికి తీసుకెళ్లాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. ఓవ్లా చావు గురించి మాట్లాడేటప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది నటన కాదని సైమికి అనిపించింది.

“మా దగ్గర పరీక్ష టైరు గేటు దాటదు,” అన్నాడు. “ఏ సెట్టు ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. కావాలంటే చూసుకోండి.”

“చూస్తాం. కొత్త టైరు, వచ్చే నెల అమ్మబోయేది. అది చూపించండి.”

అతను చల్లటి గిడ్డంగి తలుపు తీసి, ఓ అర ముందు నిలబడ్డాడు. నాలుగు టైర్లు, చక్రాలతో సహా. మేకులు మామూలుగానే ఉన్నాయి. ఎక్‌హోల్మ్ సైమి వైపు చూశాడు. ఇందులో రెట్టింపు మేకులు లేవు.

“ఈ సెట్టేనా పరీక్షలో పరిగెత్తింది?” అని అడిగింది సైమి.

“ఇదే. నవంబరు నుంచీ రోజూ ఐసు మీదే ఉంది. పేపర్లలో వచ్చిన అంకెలన్నీ ఈ సెట్టువే.”

“బ్రేకు పరీక్షలు కూడా?”

“అన్నీ.”

“నిన్న కూడా వాడారా?”

“మొన్నటి దాకా వాడాం. కడిగి పెట్టాం.”

సైమి ఒక టైరును అరలోంచి దించి, పిల్లాడి బొంగరంలా ఓ చుట్టు తిప్పింది. “ఎక్‌హోల్మ్, ఈ రబ్బరు మీద ఏం కనపడుతోంది?”

“రంగు గీతలు. ఎరుపొకటి, పసుపొకటి. చుట్టూరా.”

“ఫ్యాక్టరీలో ఏది ఏ రకమో తెలియడానికి వేస్తారు. రోడ్డు మీద ఓ పూట తిరిగితే అరిగిపోతాయి.” ఆమె రువోకోలా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. “ఈ టైరు పుట్టాక నేల మీద ఒక్క చుట్టు తిరగలేదు. మీరు రెండు నెలలు పరిగెత్తించామంటున్నారు. మరి పరిగెత్తిన సెట్టు ఏదీ?”

రువోకోలా కళ్లజోడు తీశాడు. ఈసారి తుడవలేదు.

“ఓవ్లా మీ దగ్గర పదిహేనేళ్లు పనిచేశాడు,” అంది సైమి. “మీరు అతని చెల్లెలి పెళ్లికి కూడా వెళ్లారు. పెళ్లి ఫోటోలో మీరున్నారు, నేను చూశాను. ఆ చెల్లెలు ఇప్పుడు అన్నను తనే చంపానేమోనని ఏడుస్తోంది. మీరు నోరు విప్పకపోతే జీవితమంతా అలాగే ఏడుస్తుంది.”

రువోకోలా అరను పట్టుకుని నిలబడ్డాడు.

“నేను కాదు,” అన్నాడు. “యెల్ట్. హెల్సింకీ నుంచి వచ్చిన అమ్మకాల పెద్ద. ఓవ్లా బయల్దేరుతున్నాడని నేనే నోరుజారి చెప్పాను. దారిలో ఆపి సంచి తీసుకుంటాను, మాట్లాడి ఒప్పిస్తాను, అంతే అన్నాడు. పరీక్ష కారు తాళాలిచ్చాను. తిరిగొచ్చి ఏమీ మాట్లాడకుండా సంచి బల్ల మీద పడేశాడు. నిన్న పొద్దున్న వార్త విన్నాక గానీ నాకు తెలియలేదు.”

“ఇప్పుడా కారు ఎక్కడ?” అన్నాడు ఎక్‌హోల్మ్.

“ఆయన దగ్గరే.” రువోకోలా తలుపు వైపు చూశాడు. “సంచిలో ఒక ముక్కే ఉంది. ఓవ్లా కోసిన చోట చూస్తే రెండు ముక్కలు పోయాయి. రెండోది చెల్లెలి దగ్గర ఉండాలన్నాడు. ఆస్పత్రికి వెళ్లాడు. పూలు తీసుకుని.”

సైమి ఫోను తీసేలోపే అది మోగింది. ఇర్మెలి.

“అక్కా,” ఊపిరి తప్ప గొంతు లేని మాట. “ఒకాయన వచ్చాడు. అన్నయ్య కంపెనీ మనిషినన్నాడు. ఇంటి దగ్గర దింపుతానంటే డాక్టరు కూడా సరేనంది. గుమ్మం దాకా వెళ్లాను. కారు ఎక్కబోతూ చక్రం వైపు చూశాను. ఐదు వరసలక్కా. కుక్కపళ్లే. మాత్రలు మర్చిపోయానని లోపలికొచ్చేశాను. దుప్పట్ల గదిలో ఉన్నాను. లోపల గొళ్లెం పెట్టుకున్నాను.”

“మంచి పని చేశావు. అతనెక్కడ?”

“వరండాలో. బూట్ల చప్పుడు వినపడుతోంది. ఒక్కో తలుపూ చూస్తున్నాడు.” ఆమె ఆగింది. “ఆగిపోయాడు.”

ఫోనులోంచి తలుపు మీద మునివేళ్లతో కొట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత ఓ మగ గొంతు, తీయగా, తొందరేమీ లేనట్టు. “ఇర్మెలి గారూ, ఇక్కడున్నారా? సైమి ఔతకోస్కి గారు మిమ్మల్ని స్టేషన్‌కి తీసుకురమ్మన్నారండీ. తలుపు తియ్యండి.”

ఎక్‌హోల్మ్ ముఖం తెల్లబడింది. సైమి ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

“ఇర్మెలీ, ఫోను స్పీకర్లో పెట్టి తలుపు దగ్గర పట్టుకో,” అంది. ఓ క్షణం ఆగి, పక్కింటాయనను పలకరించినంత మామూలుగా అంది. “యెల్ట్, సైమిని మాట్లాడుతున్నాను. నేను ఎవరినీ పంపలేదు. రువోకోలా నా పక్కనే ఉన్నాడు, అంతా చెప్పాడు. గట్టు దగ్గర నీ గీతలు నాతోపాటు రొవానియెమి అధికారి కూడా చూశారు. ఇప్పుడు ఆ అమ్మాయిని ముట్టుకుంటే నీకు ఒరిగేది ఏమీ లేదు. ఇంకో నేరం తప్ప.”

ఏదో నేల మీద పడిన చప్పుడు. పూలై ఉంటాయి. ఆ తర్వాత బూట్లు దూరంగా పరిగెత్తిన చప్పుడు.

“వెళ్లిపోయాడక్కా,” అంది ఇర్మెలి. అప్పుడు ఏడ్చింది.

“గొళ్లెం తియ్యకు. మా కుర్రాళ్లు వచ్చి పేరు చెప్పి పిలిచే దాకా అక్కడే ఉండు.” సైమి స్టేషన్‌కి ఫోన్ చేసి రెండు ముక్కల్లో పని చెప్పింది.

ఎక్‌హోల్మ్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. “పదండి, దారి కాస్తే దొరుకుతాడు. కానీ ఆ టైర్ల ముందు మన కార్లు ఐసు మీద ఏం నిలుస్తాయి?”

“ఆయన పారిపోడు,” అన్నాడు రువోకోలా వెనక నుంచి. అందరూ అతని వైపు తిరిగారు. “మిగిలిన పరీక్ష టైర్లన్నీ ఈ గిడ్డంగిలోనే, ఆ వెనక గోడ అవతల ఉన్నాయి. ఇరవై సెట్లు. సాయంత్రం తగలబెట్టాలన్నాడు. పెట్రోలు డబ్బాలు పొద్దున్నే తెచ్చి పెట్టుకున్నాడు. ఆ టైర్లు ఉన్నంతసేపూ ఆయనకి తప్పించుకునే దారి లేదు. ఇక్కడికే వస్తాడు. ఆయన దగ్గర ఎలుగుబంట్ల వేట తుపాకి ఉంది.”

ఎక్‌హోల్మ్ జేబులోంచి పిస్తోలు తీసి చూసుకున్నాడు. బయటికి నడిచి గేటు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. దూరంగా, సరస్సు అవతలి రోడ్డు మీద, ఎత్తైన హెడ్‌లైట్లు రెండు వేగంగా ఇటే వస్తున్నాయి.

“వెయ్యకండి,” అంది సైమి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. “గేటు తెరిచే ఉంచండి. లోపలికి రానివ్వండి. వచ్చాక వెనక నుంచి మూసేద్దాం.”